భావం ముందే చెప్పేస్తే పిల్లలు చదవడానికి ఇంకేం మిగులుద్ది? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెలుగు క్లాసు గురించే. అన్నీ వెయ్యడానికి చోటు లేదు, ఒకే రకం ప్రశ్నలు కలిపేసి కొన్నిటికి జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. రాయలసీమలో ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పద్యం రాగంతో చదువుతా, ప్రతిపదార్థం చెప్తా, భావం రాయిస్తా, పిల్లలు మాత్రం కళ్ళప్పగించి చూస్తూ కూచుంటారు. ప్రశ్న వేస్తే ఎప్పుడూ ఆ ముందు బెంచీ ఇద్దరు ముగ్గురే చేతులెత్తుతారు. ట్రైనింగులో యాక్టివ్ లెర్నింగ్, యాక్టివ్ లెర్నింగ్ అని రెండ్రోజులు చెప్పి పంపించారు గానీ నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో సిలబస్ చూస్కోవాలా, చార్టులు అంటించాలా? – ఒక టీచరమ్మ

జవాబు: చార్టుల జోలికి పోవద్దమ్మా, వాటితో పనే లేదు. మీ పీరియడ్‌లో ఎవరు ఏ పని చేస్తున్నారో ఒక్కసారి చూడండి. చదివింది మీరు, పదాలు విడగొట్టింది మీరు, అర్థాలు బోర్డు మీద రాసింది మీరు, భావం చెప్పింది కూడా మీరే, చివర్లో "అర్థమైందా" అంటే "అయ్యింది మేడం" అని అందరూ ఒకే రాగం తీస్తారు. పద్యంతో కుస్తీ పట్టే పని మొత్తం మీరే చేసేశారు కదా, ఇంక వాళ్ళకి మాట్లాడ్డానికి ఏముంటుంది చెప్పండి. యాక్టివ్ అంటే పిల్లలు లేచి తిరగడం, చప్పట్లు కొట్టడం అనుకుంటున్నారు చాలామంది. కుర్చీలో కదలకుండా కూచుని కూడా యాక్టివ్‌గా చదవొచ్చు. ఆ లైను మీద బుర్ర పెట్టింది ఎవరన్నదే లెక్క.

అందుకని ఒక్క మార్పుతో మొదలెట్టండి, భావం ముందు చెప్పడం మానెయ్యండి. కష్టమైన మాటలకి అర్థాలు ఇవ్వండి, అది తప్పదు, పదో క్లాసు పిల్లాడికి పర్యంకం అంటే మంచం అని తనంతట తను తెలీదు. కానీ అర్థాలు ఇచ్చాక ఆగిపోండి.

గజేంద్రమోక్షంలో పోతన వైకుంఠాన్ని చూపించే "అల వైకుంఠపురంబులో" పద్యం తీసుకోండి, ఆ మొదటి మాటలు సినిమా టైటిల్ పుణ్యమా అని పిల్లలకి ఎలాగూ నోటికొచ్చు. సౌధం, మందారవనం, అమృత సరస్సు, చంద్రకాంత శిల, కలువలు, పర్యంకం, ఈ అర్థాలు బోర్డు మీద రాసి, ఇద్దరికో తెల్ల కాగితం ఇచ్చి, విష్ణువు సరిగ్గా ఎక్కడున్నాడో బొమ్మ గీయమనండి. పది నిమిషాలు చాలు. బొమ్మ బాగుండక్కర్లా, ఇళ్ళ ప్లాన్ లాగా డబ్బాలు గీసినా సరే. మీరు బెంచీల మధ్య తిరుగుతూ వినండి, కొట్లాట మొదలవుద్ది. తోట మేడ లోపలా పక్కనా, సరస్సు తోటలో ఉందా తోట సరస్సు చుట్టూ ఉందా, మంచం దేని ఒడ్డున వెయ్యాలి. ఇలాంటి తగాదా తేలాలంటే మళ్ళీ పుస్తకంలోకే పోవాలి, పద్యంలో ఏ మాట తర్వాత ఏ మాట ఉందో వేలు పెట్టి చూసుకోవాలి, మనకి కావాల్సింది అదే. మీరు మాత్రం తీర్పు చెప్పకండి, "పద్యంలో ఏముందిరా" అని మాత్రమే అనండి.

బొమ్మలయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి: ఏనుగు అక్కడ ప్రాణాలు పోయేలా అరుస్తుంటే కవి ఇంత తీరిగ్గా పట్నం, మేడ, తోట, చెరువు, మంచం అని ఒక్కోటి ఎందుకు చూపిస్తున్నాడు? ఎవడో ఒకడు కెమెరా దగ్గరికి పోతున్నట్టు ఉంది మేడం అంటాడు, ఇంకొకమ్మాయి అంత హాయిగా ఉన్న చోటు నుంచి లేవాలంటే కష్టం కదా అంటుంది. ఆ తర్వాత పద్యంలో విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలు కూడా తీసుకోకుండా లేచి పరుగెడతాడు కదా, ఆ పరుగుకి విలువ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకే తెలిసిపోతుంది. అప్పుడు భావం రాయించండి, రాసేది వాళ్ళ మాటల్లోనే ఉంటది.

ఇక ఆ ముందు బెంచీ సంగతి. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ సైన్సు క్లాసుల్లో టీచర్లు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో టేపు పెట్టి కొలిచింది, మామూలుగా ఒక సెకను. అంతే. ఆ లోపల జవాబు రాకపోతే ఇంకొకర్ని లేపడమో, వాళ్ళే చెప్పెయ్యడమో. అదే మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. 1974లోనే ఆవిడ ఇదంతా రాసింది. మూడు సెకన్లు అంటే తక్కువనిపిస్తుంది గానీ క్లాసులో నిలబడి మౌనంగా మూడు లెక్కపెట్టి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది.

దాని మీదే ఫ్రాంక్ లైమన్ అనే ఆయన 1981లో ఇంకో పద్ధతి పెట్టాడు, ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే క్లాసుకి చెప్పాలి. మన తెలుగు వాచకాల్లో పాఠం మధ్యన "ఆలోచించండి – చెప్పండి" అని డబ్బాలు ఉంటాయి చూడండి, చాలామంది టీచర్లు వాటిని దాటేసి పోతారు, లేదంటే జవాబు డిక్టేట్ చేస్తారు. ఆ రెండిటి మధ్యలో పక్కవాళ్ళతో మాట్లాడటం అన్న మెట్టు మీరు కలపండి, పద్ధతి మీ పుస్తకంలోనే రెడీగా ఉంది. చెప్పించేటప్పుడు "నువ్వేమనుకుంటున్నావ్" అనకుండా "నీ పక్కనమ్మాయి ఏమంది" అని అడగండి. తన జవాబు తప్పైతే నవ్వుతారని భయపడే పిల్ల కూడా పక్కదాని మాట ధైర్యంగా చెప్తుంది, పైగా రేపటి నుంచి పక్కదాని మాట వినాలి కూడా.

ప్రశ్న: సార్, మా తొమ్మిదో తరగతిలో యాభై ఎనిమిది మంది. బెంచీలు కదలవు. గ్రూప్ వర్క్ పెడితే చేపల బజారు అవుతోంది, హెచ్ఎం గారు వచ్చి ఏంటీ గోల అంటున్నారు. జిగ్సా పద్ధతి మంచిదంటారు, ఇంత మందితో అవుతుందా? – ఒక కొత్త టీచర్, డీఎస్సీలో ఈమధ్యే చేరాను

జవాబు: అవుద్ది, కానీ అన్ని పాఠాలకీ కాదు. జిగ్సా ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎక్కడ వాడాలో మీకే తెలిసిపోతుంది. 1971లో టెక్సాస్‌లో ఆస్టిన్ ఊళ్ళో అప్పటిదాకా వేరువేరు బళ్ళలో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని ఒకే బళ్ళో కూచోబెట్టారు, గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టుని పిలిస్తే ఆయన క్లాసుల్లో కూచుని చూశాడు, ప్రతి పిల్లాడూ టీచర్ మెప్పు కోసం పక్కవాడితో పోటీ పడుతున్నాడు, పక్కవాడు తప్పు చెప్తే వీడికి సంతోషం. దాన్ని తిరగేశాడు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కడికి ఒక్కో ముక్క ఇచ్చాడు, పక్కవాడి దగ్గరున్నది వింటే తప్ప పాఠం పూర్తికాదు.

మన దగ్గర కూడా పిల్లలు వాళ్ళ వాడల్ని బట్టి, ఊళ్ళని బట్టి బెంచీలు పంచుకుని కూచుంటారు, మీరు గమనించే ఉంటారు. అందుకని గ్రూపులు వాళ్ళని చేసుకోనివ్వకండి, అటెండెన్స్ రిజిస్టర్ నంబర్లు బట్టి మీరే చెయ్యండి, గొడవుండదు, ఎవర్నీ వేలెత్తి చూపినట్టూ ఉండదు.

బెంచీలు కదలకపోతే ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగితే చాలు, ముగ్గురూ ముగ్గురూ ఆరుగురు. జిగ్సాకి జీవిత చరిత్ర, వ్యాసం, యాత్రా చరిత్ర లాంటి గద్యపాఠాలు పనికొస్తాయి, ఎందుకంటే వాటిలో బాల్యం ఒక ముక్క, ఉద్యమం ఒక ముక్క అని విడిగా చదివినా అర్థమవుతాయి. ముందు ఒకే ముక్క వచ్చినవాళ్ళు కలిసి అది చదివి తేల్చుకోవాలి, ఆ తర్వాత వాళ్ళ వాళ్ళ గ్రూపులకి పోయి చెప్పాలి. ఈ మొదటి మెట్టు వదిలేస్తేనే జిగ్సా చెడేది, అర్థంకానివాడు అర్థంకానట్టే పోయి చెప్తాడు, ఇంక ఐదుగురికి పాఠం తప్పు. ఇంత మందిని ఒకే పీరియడ్‌లో లేపి మార్చడం కష్టం కాబట్టి ముక్క చదువుకోవడం ఇవాళ, చెప్పుకోవడం రేపు పెట్టుకోండి.

కథలకి మాత్రం జిగ్సా వద్దు. కథని ముక్కలు చేసి పంచితే చివరి ముక్క వచ్చినవాడికి ముందే గుట్టు తెలిసిపోతుంది, చదవాలన్న కుతూహలం చచ్చిపోతుంది. కథకి ఆపి అడిగే పద్ధతి వాడండి. గురజాడ దిద్దుబాటు ఉంది కదా, 1910లో వచ్చింది, అర్ధరాత్రి ఒకడు తలుపు కొడుతుంటాడు, తలుపు తీసేవాళ్ళు లేరు. అక్కడ పుస్తకం మూయించండి. కొట్టేది ఎవరు, లోపల ఎవరున్నారు, ఎందుకు తియ్యట్లేదు, రెండు లైన్లు నోటుబుక్కులో రాయమనండి, తేదీ వేసి. నోటితో చెప్పనివ్వకండి, ఒకడు చెప్పాడంటే అందరూ అదే చెప్తారు. మళ్ళీ చదివించి, భార్య రాసిపెట్టిన ఉత్తరంలో మొగుణ్ణి "అయ్యా" అని పిలిచిన చోట ఆపండి. పెళ్ళాం ఇలా ఎందుకు పిలిచింది, ఇంతకుముందు ఎలా పిలిచి ఉంటుంది? ఈ ఒక్క పిలుపు దగ్గర ఆడపిల్లలు చెప్పే జవాబులు వేరు, మగపిల్లలు చెప్పేవి వేరు ఉంటాయి, చూడండి కావాలంటే. చివరాఖరికి ఆవిడ ఎక్కడుందో తెలిసే ముందు ఇంకోసారి ఆపండి. అంతకన్నా ఎక్కువసార్లు ఆపితే మాత్రం కథ చచ్చిపోతుంది, ప్రతి పేరాకీ ప్రశ్న వేసే టీచర్‌ని చూస్తే పిల్లలకే కాదు నాకూ విసుగే.

గోల గురించి. హెచ్ఎం గారికి ముందు రోజే చెప్పండి, "సార్ రేపు మూడో పీరియడ్ కాస్త సందడి ఉంటది, వీలైతే వచ్చి కూచోండి" అని. పిలిస్తే ఎవరూ గోల అనరు. పిల్లలకి ఏం మాట్లాడాలో తెలియనప్పుడే ఊరికే గోల వస్తది, "చర్చించండి" అని వదిలేస్తే సినిమాలే చర్చిస్తారు. గ్రూపుకి ఒక ప్రశ్న, ఒక కాగితం, ఒక టైము ఇవ్వండి, టైము తక్కువే ఇవ్వండి.

ప్రశ్న: మా ఆరో తరగతిలో ఒక అబ్బాయి గుక్క తిప్పుకోకుండా గడగడా చదువుతాడు, ఒత్తులు కూడా తప్పు పోవు, కానీ చదివిందాంట్లో ఏముంది అంటే నోరు తెరుస్తాడు. ఇంకో పదిమందికి అసలు గుణింతాలే సరిగ్గా రావు. ఇద్దరికీ ఒకే పాఠం ఎలా చెప్పాలి? – ఒక ఉపాధ్యాయుడు, ఉత్తర తెలంగాణ

జవాబు: మొదటివాడి గురించి మీరు గమనించడమే గొప్ప, చాలా బళ్ళలో ఆ పిల్లాణ్ణే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ముందు నిలబెట్టి చదివిస్తారు. తెలుగు లిపిలో రాసింది రాసినట్టు పలకొచ్చు, అక్షరాలు గుణింతాలు ఒత్తులు వచ్చేస్తే అర్థం తెలియని సంస్కృత సమాసం కూడా తడుముకోకుండా చదివెయ్యొచ్చు. దానివల్ల మనకి ఒక మోసం జరుగుద్ది, గొంతు ఆగలేదు కాబట్టి అర్థమైందనుకుంటాం.

సరిగ్గా ఇలాంటి పిల్లల కోసమే పాలిన్‌సార్, బ్రౌన్ అని ఇద్దరు 1984లో ఒక పద్ధతి రాశారు, వాళ్ళు తీసుకున్నది ఏడో తరగతి వాళ్ళని, చదవడం వచ్చు గానీ అర్థం పట్టుబడదు. పేరా పేరాకీ నాలుగు పనులు. తర్వాత ఏమొస్తుందో ఊహించడం, పేరా మీద ఒక ప్రశ్న తయారుచెయ్యడం, అర్థంకాని చోటు పట్టుకుని తేల్చుకోవడం, పేరాని రెండు మాటల్లో చెప్పడం. ముందు టీచర్ చేసి చూపిస్తాడు, మెల్లగా పిల్లలే టీచర్ కుర్చీలోకి వస్తారు. మీవాడికి "అర్థంకాని చోటు పట్టుకోవడం" అన్న పని ఇవ్వండి, పేరాలో కనీసం ఒక చోటైనా అర్థంకాలేదని చూపించాలి, అన్నీ అర్థమయ్యాయి అంటే ఒప్పుకోవద్దు. వాడికి ఆగడం నేర్పాలి ముందు.

ఇక చదవడం రాని పదిమంది. వీళ్ళని దాచిపెట్టేది కోరస్ చదువు, అందరూ కలిసి చదివేటప్పుడు పెదాలు కదిపితే చాలు, ఎవరికీ తెలీదు. వీళ్ళకి రోజూ కొంతసేపు విడిగా అక్షరాలు, మాటలు, వాక్యాలు అని ఎవరి మెట్టుని బట్టి వాళ్ళకి చెప్పాలి, తరగతి నంబరు పక్కన పెట్టేసి. ప్రథమ్ సంస్థ వాళ్ళు ఊళ్ళలో చేసిందీ అదే, అక్షరం, పదం, పేరా, కథ అని చూసి మెట్టుని బట్టి కూచోబెట్టారు. చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ 2021లో మొదలైంది గానీ అది మూడో తరగతి దాకా ఉన్న పిల్లల కోసం, మీ ఆరో తరగతివాళ్ళు దాన్ని దాటేసి వచ్చేశారు, అందుకని ఆ భారం మీ మీదే పడ్డది, అన్యాయమే.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్తా, చదవడం రాదు కాబట్టి కథ మీద చర్చలో వీళ్ళని కలపకపోవడం మాత్రం వద్దు. మీరు కథ పైకి చదివి వినిపిస్తే వాళ్ళకి అర్థమవుతుంది, వాళ్ళింట్లో నానమ్మ చెప్పే సామెతలూ కథలూ విన్న చెవులు అవి, ఒక్కోసారి గడగడా చదివేవాడికన్నా మంచి జవాబు చెప్తారు. ఆ జవాబుని బోర్డు మీద వాడి మాటల్లోనే, వాడి యాసలోనే రాసి, వాడి చేతే చదివించండి. తను అన్న మాటే కాబట్టి అక్షరాలు పట్టుకోవడం తేలిక.

ప్రశ్న: మా పాప స్కూల్లో కొత్త తెలుగు సార్ నోట్స్ సరిగ్గా ఇవ్వట్లేదు, ఎప్పుడు చూసినా బొమ్మలు గీయించడం, పాత్రలకి ఉత్తరాలు రాయించడం, ఇదే. వచ్చే ఏడాది టెన్త్. మార్కులు ఏమైపోతాయి? గైడు కొనిచ్చాం గానీ భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు: భయం అర్థమవుతుందమ్మా. టెన్త్ తెలుగు పేపరు ఒకసారి తెప్పించుకుని చూడండి. అపరిచిత పద్యమో, గద్యమో ఇస్తారు, ఎప్పుడూ చూడనిది చదివి జవాబు రాయాలి, ఏ గైడులోనూ ఉండదు. సృజనాత్మకత కింద లేఖ, సంభాషణ, కరపత్రం లాంటివి అడుగుతారు. ఆ సారు పాత్రకి ఉత్తరం రాయిస్తున్నాడంటే దానికే తయారు చేస్తున్నాడు. అయితే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగండి కూడా: బొమ్మ గీశాక, ఉత్తరం రాశాక, మళ్ళీ పుస్తకం తెరిపిస్తున్నారా, పాప రాసిందానికి పాఠంలో ఆధారం చూపించమంటున్నారా? అవునంటే నిశ్చింతగా ఉండండి. కాదంటే అది ఉత్త కాలక్షేపమే, నేను చూసిన "యాక్టివిటీ"లలో చాలా వాటికి ఆ జబ్బే, పాత్ర వేషం కట్టించి ఫోటో దిగి గ్రూపులో పెట్టేస్తారు, పాఠం ఎవరూ చదవరు. ఛందస్సు, సంధులు, సమాసాలు మాత్రం ఎలాగూ రోజూ కొంచెం కూచుని చెయ్యాల్సిందే, వాటికి అడ్డదారి లేదు.

ప్రశ్న: న్యూజెర్సీలో శనివారాలు పిల్లలకి తెలుగు చెప్తుంటాం. చదవడం నేర్చుకున్నారు గానీ కథ గురించి మాట్లాడమంటే ఇంగ్లీషులోకి పోతారు. తెలుగులోనే మాట్లాడాలని రూల్ పెట్టాలా?

జవాబు: ఆలోచన దగ్గర రూల్ వద్దు, చెప్పే దగ్గర పెట్టండి. పక్కవాళ్ళతో ఏ భాషలో మాట్లాడుకున్నా ఊరుకోండి, క్లాసుకి చెప్పేటప్పుడు మాత్రం తెలుగులో రెండు వాక్యాలు, కావాల్సిన మాటలు మీరు అందించండి. సంభాషణలు ఎక్కువున్న చిన్న కథ తీసుకుని పాత్రలు పంచి గొంతులు మార్చి చదివించండి, కాగితం చేతిలో ఉంచుకునే, బట్టీ అక్కర్లేదు. కోపంతో చదవాలా వెటకారంగా చదవాలా అని వాళ్ళు తేల్చుకోవాలంటే అర్థం తెలియాలి కదా. పుస్తకాలు దొరకట్లేదంటే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, మెట్లవారీగా, ప్రింటు తీసుకోవచ్చు.

ప్రశ్న: హోంవర్కులో ప్రశ్నలిస్తే అందరూ ఫోన్లో చూసి ఒకటే జవాబు రాసుకొస్తున్నారు. ఏం చెయ్యాలి సార్? – గుంటూరు నుంచి

జవాబు: ఫోన్లో జవాబు దొరికే ప్రశ్నలు ఇవ్వడం మానెయ్యండి. "ఈ పాఠంలో నీకు అర్థంకాని ఒక వాక్యం, నచ్చని ఒక వాక్యం రాసుకురా, ఎందుకో ఒక్క లైను" అనండి. మర్నాడు పీరియడ్ ఆ వాక్యాలతోనే మొదలెట్టండి. ఇద్దరు ఒకే వాక్యం తెచ్చి వేరే కారణాలు చెప్తే వాళ్ళిద్దర్నీ లేపి ముందు వాళ్ళ చేత మాట్లాడించండి, మీ పాఠం ఆ తర్వాత.